గిర్నీ ఏమంటున్నది?

నా విజిటింగ్ కార్డు మీద ‘సర్వీస్ ఇంజనీర్’ అని ఉండేది. పాతబస్తీలో ఆ కార్డు చదివినవాళ్లు తక్కువ, మడిచి చెవిలో తిప్పుకున్నవాళ్లు ఎక్కువ. అక్కడ నా పేరు గ్రీజు సేటు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా అదే పేరు. మొన్న సంతోష్‌నగర్‌లో కూరగాయల బండి దగ్గర ఒకాయన భుజం తట్టి, “గ్రీజు సేటు, మా కూలర్ గరగర అంటున్నది, జర సూడరాదు” అన్నాడు. నా చేతిలో ఉన్నవి బెండకాయలు. అవి కూడా జారుతాయి కాబట్టి ఆ పేరు మరీ తప్పేమీ కాదు.

మా కంపెనీ బేరింగులు, బెల్టులు, గ్రీజు, ఆయిలు అమ్మేది. కుట్టుమిషన్ల కార్ఖానా నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా, తిరిగేది ఏదైనా సరే, అది ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. అది రాసుకున్న చోట మాకు అన్నం. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు “అనుభవం చెప్పండి సార్” అంటున్నారు. నాకు వచ్చిన ప్రమోషన్ల సంగతి రాస్తే ఒక పేరా కూడా నిండదు. టార్గెట్ల సంగతి రాస్తే మీరే పారిపోతారు. అందుకని మాటల గురించి రాస్తాను. రాపిడికి జనం పెట్టుకున్న మాటల గురించి, ఆ మాటలు సరిగా వినకపోతే ఏమవుతుందో చూపించిన ఒక పిండి గిర్నీ గురించి.

ముందే ఒక సంగతి. నేను ఇనుప సామాన్ల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని. మా ఇంట్లో రెండో గరిటె పప్పుకు కూడా అమ్మతో బేరం ఆడాల్సిందే. కాబట్టి ఇందులో నేను చేసిన మంచి పని ఏదైనా కనబడితే, దాని వెనకాల ఎక్కడో ఒక బేరం ఉంటుంది. వెతుక్కోండి.

పుస్తకంలో మాట, గల్లీలో మాట

ఉద్యోగంలో చేరగానే కంపెనీ ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ, దొర్లుడు ఘర్షణ, ఘర్షణ గుణకం. చక్కగా బొమ్మలతో సహా. అది బట్టీపట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జహనుమాలో ఒక కుట్టుమిషన్ల కార్ఖానాకు వెళ్లాను. యజమానిని గంభీరంగా అడిగాను: “మీ దగ్గర ఘర్షణ ఎక్కువగా ఉందా?”

ఆయన కంగారుపడి లోపలికి ఒకసారి చూసుకుని, “లేదు సార్, గట్లాంటి లొల్లి ఏం లేదు. అందరం మంచిగనే ఉంటం. ఎవలన్న ఏమన్న చెప్పిండ్రా?” అన్నాడు. పోలీసుల తరఫున వచ్చాననుకున్నాడు పాపం.

ఆ రోజే పుస్తకం అటక ఎక్కింది. అక్కడ ఎవరికీ ఘర్షణ లేదు. మిషన్లు మాత్రం కిర్రుమంటాయి, కీచుమంటాయి, గరగరమంటాయి, పట్టేస్తాయి, జారుతాయి, అరుగుతాయి. ఈ మాటలన్నీ మా అమ్మ వంటింట్లోనూ ఉన్నాయి. పచ్చడి నూరుతాం, గిన్నెలు తోముతాం, గంధం అరగదీస్తాం, కొబ్బరి కోరుతాం, కత్తి సాన పడతాం. కొత్త చెప్పు కరిచిందంటాం. చెప్పుకు పళ్లు ఎక్కడివి? ఆ కరిచే నోరు రాపిడిదే.

కొత్తగా వచ్చేవాళ్లకు నా మొదటి సలహా ఇది. “ప్రాబ్లం ఏంటి?” అని అడగకండి. ప్రాబ్లం అనగానే మనిషి తన అల్లుడి సంగతి మొదలుపెడతాడు. “మిషన్ ఏమంటున్నది?” అని అడగండి. కిర్రుమంటున్నదంటే ఎండిపోయింది, ఒక్క చుక్క చాలు. గరగర అంటే లోపల దుమ్ము దూరింది, చుక్కతో పని కాదు, కడగాలి. రాసుకుంటున్నదంటే ఏదో పక్కకు జరిగింది. జారుతున్నదంటే అక్కడ గ్రీజుతో మీకు పని లేదు, డబ్బా మూసి పక్కన పెట్టండి.

ఈ చివరి మాట నేర్చుకోవడానికి గ్రీజు మనుషులకు చాలా కాలం పడుతుంది. రాపిడి తగ్గించి బతికేవాడికి రాపిడి ఎక్కడ కనబడినా శత్రువులాగే కనబడుతుంది. ఒక ఆటో ఆయన నన్ను ఆపి, “భాయ్, బ్రేకు కిర్రుమంటున్నది, జర గ్రీజు కొట్టు” అన్నాడు. “కొడత. గాని ఫలక్‌నుమా దిగుడుల నీ బండి ముందు నేను నడవ” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి నాకు చాయ్ తాగించాడు. బ్రేకుకు రాపిడి కావాలి. బెల్టుకు కావాలి. గిర్నీలో రాళ్లకు మరీ కావాలి. మనం తీసేయాల్సిన రాపిడి ఎంతో, కాపాడాల్సింది కూడా అంతే. ఈ తెలివి ఆటో ఆయన దగ్గర నాకు వెంటనే వచ్చింది. గిర్నీ దగ్గర మాత్రం రాలేదు.

సత్తార్ భాయ్ గిర్నీ

యాకుత్‌పురా స్టేషనుకు నడిచే దూరంలో ఒక గల్లీలో సత్తార్ భాయ్ గిర్నీ ఉండేది. వాళ్ల నాన్న పెట్టింది. జొన్నలు, గోధుమలు, శనగపప్పు, ఎవరు ఏది తెచ్చినా పిండి పట్టి ఇచ్చేవాడు. కనుబొమ్మల నుంచి చెప్పుల దాకా తెల్లగా ఉండే మనిషి. ఆయన అసలు రంగు ఏమిటో పండుగల నాడు తప్ప తెలిసేది కాదు.

గిర్నీ ఉన్న ఆ మల్గీ, అంటే దుకాణం గది, జగదీశ్ సేటుది. పక్క మల్గీలో ఆయన కిరాణా దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో ఆయన తల్లి అండాళమ్మ. గల్లీలో ఎవరి పప్పులో ఉప్పు తక్కువైందో కిటికీలోంచి వాసన చూసి చెప్పగల మనిషి.

ఒక వేసవిలో సత్తార్ భాయ్ నాకు ఫోను చేశాడు. గొంతు ఎప్పటిలా లేదు.

“సేటు, జల్దీ రావాలె. జగదీశ్ సేటు ఆఖరి మాట చెప్పిండు. బోనాలు అయ్యేలోపు గిర్నీ లొల్లి బంద్ గావాలె, లేకుంటే మల్గీ ఖాళీ చెయ్యాలె. జూసు సెంటర్ పెడతా అని ఎవడో అప్పుడే చూసి పోయిండు.”

“ఎందుకు, ఎన్నో ఏండ్ల నుంచి ఉన్న గిర్నీయే కద?”

“ఈ నడుమ మస్తు లొల్లి అయితున్నదట. అమ్మకు పగటి నిద్ర పడుతలేదట. సేటు, ఈ రాళ్లు తీసుకొని నేను యాడికి పోవాలె? ఈడ జనం నా చేతి పిండి కోసం వస్తరు. వేరే గల్లీల నేనెవలికి ఎరుక?”

గిర్నీ అంటే మిషన్ అనుకుంటారు. కాదు. పిండి రాలుతుంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్ది చూసి, “వీళ్లింట్ల ముసలాయనకు పళ్లు లేవు, జర మెత్తగ గావాలె” అని చక్రం అర చుట్టు బిగించే మనిషి. అతను గల్లీ మారితే చూపుడువేలు వెంట వస్తుంది కానీ ముసలాయన రాడు. సత్తార్ భాయ్ పోగొట్టుకునేది అదీ.

నేను మా బాసు రంగారావు గారికి చెప్పాను. ఆయన మంచివాడే, కానీ ఆయన చెవుల నిర్మాణం వేరు. లోకంలో ఏ శబ్దం విన్నా అందులో ఆయనకు ఒక ఆర్డరు వినబడేది. “బేరింగులు మార్చెయ్” అన్నాడు, గిర్నీని చూడకుండానే.

గరగర కాదు, కిర్రు కాదు

వెళ్లి చూశాను. బేరింగులు నిజంగానే పాతవి, చెయ్యి పెడితే వణుకు తెలుస్తోంది. మార్చాను. గ్రీజు గన్నుతో కడుపు నిండా పెట్టాను. గిర్నీ తిప్పితే పిల్లిలా గురగురమంది. సత్తార్ భాయ్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను గొప్ప పని చేసినవాడిలా రుమాలుతో చేతులు తుడుచుకున్నాను. అది ఉదయం, గిరాకీలు రాని వేళ అన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను. లొల్లి అలాగే ఉందట.

ఈసారి బెల్టు మీద పడ్డాను. అదీ పాతదే, అంచులు పీచులు లేచి ఉంది. కొత్త బెల్టు వేస్తుంటే పై నుంచి గొంతు వినబడింది. తలెత్తితే కిటికీ చువ్వల మధ్య అండాళమ్మ ముఖం.

“ఓ గ్రీజాయనా! మల్ల ఏం మారుస్తున్నవ్?”

“బెల్టమ్మా. అది జారి లొల్లి చేస్తున్నట్టుంది.”

“అది గాదు. మొన్న కూడ నువ్వు మార్చింది అది గాదు. ఏమన్న మార్చే ముందు అడగవా?”

“మీకేమని వినబడుతుందమ్మా?” అన్నాను, ఏదో మర్యాద కోసం.

“గరగర గాదు, కిర్రు గాదు. పండుకున్న మనిషి నిద్రల పళ్లు నూరుతడు సూడు, గట్ల. మా ఇంటాయన గట్లనే నూరేటోడు. పెండ్లయిన కాడికెల్లి నాకు ఆ సప్పుడు ఎరుకే. ఆయన పోయినంక ఇగ నిమ్మలం అనుకున్న. గిప్పుడు గిర్నీ మొదలువెట్టింది.”

కింద జనం నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, బెల్టు బిగించి, వచ్చేశాను. మిషన్ ఏమంటున్నదో అడగాలని అందరికీ చెప్పే పెద్దమనిషిని, ఆమె అంత విడమరిచి చెబితే జోకు విన్నట్టు విన్నాను. దుకాణాల్లో పెరిగినవాడి జబ్బు ఇది. గిరాకీ మాట్లాడుతుంటే మనం తర్వాత చెప్పబోయే మాట గురించి ఆలోచిస్తుంటాం.

మూడోసారి ఫోను వచ్చినప్పుడు బోనాలు దగ్గర పడ్డాయి. గల్లీలో వేపకొమ్మలు, లైట్లు కడుతున్నారు. రంగారావు గారు, “మోటారు మార్పించు, అదే అయుంటుంది” అన్నాడు. సత్తార్ భాయ్ మోటారు కూడా మార్చేవాడే, నేను చెబితే. అదే నన్ను ఆపింది. మనల్ని నమ్మినవాడితో బేరం ఆడటంలో రుచి ఉండదు. కొత్తవాళ్లు గుర్తు పెట్టుకోండి. ఒక మిషన్‌కు రెండు సామాన్లు మార్చాక కూడా శబ్దం పోకపోతే, మూడో సామాను తీయకండి. స్టూలు తీయండి. వేసుకుని కూర్చోండి.

స్టూలు మీద ఒక మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం చాయ్ మీద చాయ్ తాగుతూ గిర్నీ దగ్గరే కూర్చున్నాను. ఒకామె గోధుమలు పట్టించుకుంది. గిర్నీ బాగానే పాడుతోంది. తర్వాత వంతు బిల్కీస్ ఖాలాది, ఆ గల్లీలోనే మూడు ఇళ్ల అవతల ఉండే పెద్దావిడ. జొన్నలు తెచ్చింది.

“సత్తార్, పహెలే ఖాలీ తిప్పు” అంది.

సత్తార్ భాయ్ గింజలు పోసే డొప్ప ఖాళీ చేశాడు. రాళ్లు అలాగే బిగించి ఉంచి, మిషన్ ఆపకుండా, చెక్క సుత్తితో పక్కల ఠకఠక కొట్టాడు. రాళ్ల గాడుల్లో ఇరుక్కున్న ముందువాళ్ల పిండి మొత్తం రాలిపోవాలని. ఆ కాసేపు రాళ్ల మధ్య గింజ లేదు. రాయి, రాయి. అప్పుడు వచ్చింది ఆ శబ్దం. నా దవడ పళ్లు జివ్వుమన్నాయి. కాలిన వాసన కూడా వచ్చింది.

నోట్లో ఏమీ లేకుండా పళ్లు నూరడం. అండాళమ్మ అక్షరాలా అదే చెప్పింది.

“సత్తార్ భాయ్, ఇది వినబడుతలేదా నీకు?”

“ఏది సేటు? రాయి మొత్తుకునుడా? రోజంత ఈ సప్పుడులనే ఉంట, నా చెవులకు ఎక్కుతనే లేదు.”

“ఈ ఖాళీ తిప్పుడు ఎప్పటి నుంచి?”

“మొన్న చలికాలం నుంచి. అండాళమ్మ పిండిల జర శనగపిండి కలిసిందట, రొట్టెలు పచ్చగ అయినయట. శనివారం ఒక్కపొద్దు ఉంటది కద, ఆ దినం వేరేది కలవొద్దు ఆమెకు. ‘నా వంతు రాంగనే ఖాళీ తిప్పు’ అన్నది. మాలకిన్ మాట, కాదంటనా? తిప్పిన. అది చూసి ఖాలా, ‘అమ్మకు తిప్పినవ్, మాకెందుకు తిప్పవు, మేం తక్కువోళ్లమా’ అన్నది. ఆమెకు తిప్పిన. ఇగ అందరు అదే. ఇప్పుడు రెండు సోలల రాగులు తెచ్చినోళ్లు గూడ ఖాళీ తిప్పుమంటున్నరు.”

అంటే సంగతి ఇదీ. గల్లీలో ఎవరి పిండి వారికి కావాలి. ఎవరి ఇంటి పరువు వారిది. ప్రతి వంతుకూ ఒకసారి రాళ్లు ఉత్త నోటితో పళ్లు నూరుతున్నాయి. దాన్ని మొదలుపెట్టిన మనిషికే పగటి నిద్ర పట్టడం లేదు. ఆమె నిద్ర కోసం కొడుకు గిర్నీనే లేపేస్తున్నాడు.

నిజం తెలిసింది. ఇక దాన్ని ఎలా చెప్పాలన్నదే చిక్కు. కొడుకుతో చెబితే తల్లీకొడుకులు మాటా మాటా అనుకుంటారు, ఆ కోపం చివరికి గిర్నీ మీదే తీరుతుంది. సత్తార్ భాయ్ చెబితే ఎదురు చెప్పినట్టు. మిగిలింది నేను. బేరమాడితే తప్ప నాకు మాట రాదు కాబట్టి, బేరానికే మెట్లెక్కాను.

పిడికిలి బేరం

అండాళమ్మ వరండాలో కూర్చుని చేటలో గోధుమలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఏరినవన్నీ పక్కన ఒక స్టీలు మూతలో పెడుతోంది.

“రాళ్లేరుతున్నారా అమ్మా?”

“ఏరకుంటే ఎట్ల బిడ్డా? ఎంత ఏరినా పిండిల ఇసుక వస్తనే ఉన్నది. రొట్టె నములుతే కరకర. ఈ నడుమ మరీ ఎక్కువైంది. కిరాణపోడు కల్తీ చేస్తున్నడనుకుంట.”

కిరాణపోడు అంటే ఆమె సొంత కొడుకే.

“సేటు అట్ల చెయ్యడమ్మా.”

“నా కొడుకు సంగతి నాకు చెప్తున్నవా? వాడు పుట్టినప్పుడు తూకం వేసింది నేను.”

ఇంతకన్నా మంచి సందు దొరకదనిపించింది. మూతలోంచి రెండు చిన్న రాళ్లు తీసుకున్నాను. ఆమెను తన నల్ల చీర కొంగు పరచమన్నాను. రాళ్లు రెండూ గట్టిగా రుద్దాను. కొంగు మీద తెల్లటి పొడి రాలింది. దాన్ని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకోమన్నాను. ఆమె నన్ను అనుమానంగా చూసి, పెట్టుకుంది.

“ఇదే. ఈ కరకరనే.”

తర్వాత రాళ్ల మధ్య రెండు గోధుమ గింజలు పెట్టి రుద్దాను. ఈసారి రాలింది పిండి. రాళ్లు చప్పుడు కూడా పెద్దగా చేయలేదు.

ఆమె చేటలో గోధుమలు అటూ ఇటూ ఆడించింది.

“అంటే ఖాళీ తిప్పితే రాయి అరిగి, ఆ పొడి తర్వాత పోసినోళ్ల పిండిల కలుస్తది.”

“అవునమ్మా.”

“నేను ఈడ కండ్లు గుంజేటట్టు రాళ్లేరి, కింద నేనే రాయి కలిపిచ్చుకుంటున్న.”

“నేను అట్ల అనలేదమ్మా.”

“నువ్వు అనలే. నీ మొకం అన్నది.” చేట కింద పెట్టింది. “ఆ సప్పుడు గూడ అదేనా?”

“అదేనమ్మా. పళ్లు నూరుడు. మీరు మొన్ననే సరిగ్గ చెప్పిండ్రు, నేనే వినలే.”

ఈ చివరి మాటకు ఆమె ముఖం కాస్త తేటపడింది. ఎవరినైనా తప్పు ఒప్పించాలంటే ముందు మన తప్పు ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లాలి. అది శాంపిల్ లాంటిది. ఉచితంగా ఇవ్వాలి.

“ఇగ ఏం జెయ్యాలె?” అంది.

“మీ గోధుమల నుంచే ముందుగాల రెండు పిడికిళ్లు పొయ్యాలె. అవి ముందటోళ్ల పిండిని తోసుకుంట బయటికి వస్తయి. ఆ కొంచెం పక్క డబ్బల పట్టేస్తే, తర్వాత వచ్చేదంత మీదే. రాళ్ల నడుమ ఎప్పటికీ గింజ ఉంటది, సప్పుడు రాదు, పొడి రాదు.”

“రెండు పిడికిళ్లా! ముందటోళ్ల పిండి తుడిచేటందుకు నా గోధుమలెందుకు? వాళ్లవే పొయ్యమను.”

“వాళ్లు అప్పటికే డబ్బ ఎత్తుకొని పోతరు కదమ్మా.”

“అయితే ఒక్క పిడికిలి.”

“ఒకటిన్నర.”

“అర పిడికిలి ఎట్ల పడతవు? సగం వేళ్లు ముడిచి సగం వేళ్లు తెరిచా? ఒక్కటే.”

“సరే, ఒక్కటి.”

“నీ పిడికిలా, నా పిడికిలా?”

నేను నోరు తెరిచాను. నలభై రకాల బేరాలు ఆడిన నోరు అది, కానీ ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. “సత్తార్ భాయ్ పిడికిలి అనుకుందాం” అన్నాను.

“వాని చెయ్యి చేటంత ఉంటది. నడువది. ఎవలి గోధుమలు వాళ్ల పిడికిలి.”

ఒప్పుకున్నాను. నిజానికి పనికి కావలసింది ఒక్క పిడికిలే. రెండు అని మొదలుపెట్టింది మా దుకాణం అలవాటు. లేచి వస్తుంటే ఆమె వెనకనుంచి, “ఒక్కటే చాలని నాకు ఎరుకే. నేను కూడ దుకాణంల పుట్టినదాన్నే” అంది.

ఒక షరతు పెట్టింది. ఖాళీ తిప్పించడం మొదలుపెట్టింది తానేనని కొడుక్కి చెప్పకూడదు. చెబితే పండుగలన్నీ అయ్యేదాకా నవ్వుతాడట. నేనూ ఒక షరతు పెట్టాను. ఈ పద్ధతి గల్లీ అంతా పాటించాలంటే, మొదట అందరూ చూస్తుండగా ఆమే దిగి వచ్చి పోయాలి. ఆమె ఎప్పుడూ కిందికి దిగదు. మోకాళ్లు. గోధుమల డబ్బాకు తాడు కట్టి కిటికీలోంచి దింపి, పై నుంచే ఆజ్ఞలు ఇస్తుంది.

“మెట్లు దిగుడు బేరంల లేకుండె” అంది.

“ఇప్పుడు కలిపిన.”

గొణుక్కుంటూనే కర్ర అందుకుంది.

ఆమె గిర్నీ ముందు నిలబడేసరికి బిల్కీస్ ఖాలా లేచి నిలబడింది. “అరె అల్లా! అమ్మే దిగి వచ్చిండ్రు! ఏమైంది?”

“ఏం గాలె. ఇగనుంచి ఖాళీ తిప్పుడు బంద్. ఖాళీ తిప్పితే రాళ్ల పొడి కలుస్తది పిండిల. ముందుగాల ఒక పిడికిలి పొయ్యాలె. గట్ల చేస్తేనే పిండి సాఫ్ ఉంటది.” ఈ శాస్త్రమంతా ఆమే కనిపెట్టినట్టు చెప్పింది. తన చిన్న పిడికిలి డొప్ప మీద తెరిచింది. గింజలు గాజులు కదిలినంత చప్పుడుతో జారాయి. గిర్నీ వాటిని తీసుకుంది, ఒక్కసారి కూడా కీచుమనలేదు.

“నాదీ ఒక పిడికిలి” అంది ఖాలా వెంటనే. “నా పిడికిలి అమ్మ దానికన్న పెద్దది.”

గల్లీలో పద్ధతులు ఇలాగే స్థిరపడతాయి. శుభ్రత కోసం కాదు, పోటీ కోసం.

డబ్బాలో పిండి

ముందు పిడికిలి పిండి పట్టడానికి సత్తార్ భాయ్ ఒక డబ్బా పక్కన పెట్టాడు. అందులో గోధుమ, జొన్న, రాగి, శనగ, గల్లీలో ఎవరు ఏది తింటే అది. ఎవరి పిండి వారికి కావాలన్నవాళ్లకు అది ఎవరిదీ కాని పిండి. సత్తార్ భాయ్ ఇంటికి తీసుకుపోయేవాడు. ఒక రోజు ఆ రొట్టె పుల్లటి ఖట్టీ దాల్‌తో నాకు పెట్టాడు. కొంచెం తియ్యగా, కొంచెం గరుకుగా, కొరికిన చోటల్లా వేరే ఇంటి రుచి. నేను రెండు తిని మూడోది బేరమాడి తెచ్చుకున్నాను. పెనం మీద అది కాలే వాసన పై కిటికీ దాకా వెళ్తోందని నాకు అప్పుడు అనిపించలేదు. అనిపించాల్సింది.

బోనాలు అయిపోయాయి. వేపకొమ్మలు ఇంకా వాడిపోకముందే సత్తార్ భాయ్ కబురు పంపాడు. జగదీశ్ సేటు వస్తున్నాడట, నన్నూ ఉండమన్నాడు. వెళ్లేసరికి సేటు పక్కన జూసు సెంటర్ ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో కొలత టేపు. గడప నుంచి గోడ దాకా లాగి అప్పుడే కొలుస్తున్నాడు. సత్తార్ భాయ్ గిర్నీ తిప్పుతున్నాడు, తలెత్తడం లేదు.

“సేటు, వినుండ్రి. కీచు లేదు, పళ్లు నూరుడు లేదు” అన్నాను.

జగదీశ్ సేటు చెవి పెట్టి విన్నాడు. “గుయ్యిమంటనే ఉన్నది కద.”

“మోటారన్నంక గుయ్యిమంటది సేటు. మీ ఫ్రిజ్ అనదా?”

“నాకవన్ని తెల్వదన్నా. సప్పుడు సప్పుడే. ఈయనకు మాటిచ్చిన. అమ్మకు గూడ నిద్ర గావాలె.”

శబ్దం ఒక సాకు మాత్రమేనని, అసలు సంగతి జూసు సెంటర్ ఇచ్చే కిరాయి అని అప్పటికి నాకు అర్థమైంది. సాకుకు గ్రీజు పట్టదు. సత్తార్ భాయ్ చెక్క సుత్తి పక్కన పెట్టి, తలకు కట్టుకున్న రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. మొదటిసారి ఆయన ముఖం రంగు పండుగ కాని రోజున చూశాను.

అప్పుడు పై నుంచి తాడు దిగింది. చివర డబ్బా. సేటు తల మీద తగలబోయి పక్కకు ఊగింది. లోపల గోధుమలు లేవు. ఖాళీ డబ్బా.

“సత్తారూ! ఆ పక్క డబ్బల పిండి, నా వాటా పంపు.”

జగదీశ్ సేటు తలెత్తాడు. “ఏం వాటానే అమ్మా?”

“అండ్ల నా పిడికిలి ఉన్నది. పిండి పట్టిచ్చినప్పుడల్ల ఏస్తున్న. ఎన్ని దినాలాయె, ఆ రొట్టెల వాసన ముక్కుకు కొడుతున్నది, అడుగుదునా వద్దా అని ఊకున్న. ఇగ ఆగ.”

“అమ్మా, గిర్నీ తీసేస్తున్నమే. నీ నిద్ర కోసమే కద...”

“నా నిద్ర మంచిగనే పడుతున్నది. నిన్న గుర్రు గూడ పెట్టిన్నట, నీ పెండ్లామే చెప్పింది. గిర్నీ తీసేస్తే ఆ పిండి ఎవలిస్తరు, నువ్వా? నీ దుకాణం గోధుమలల్ల అన్ని రాళ్లే.”

జూసు సెంటర్ ఆయన సేటు దుకాణం వైపు ఒకసారి చూశాడు. చేతిలోంచి టేపు సర్రున జారి డబ్బీలోకి దూరింది. మళ్లీ బయటికి లాగలేదు. జగదీశ్ సేటు గల్లీలో ఆగి నిలబడ్డ నలుగురినీ చూసి, “సరే అమ్మా, లోపలికి పో, ఎండ తగుల్తది” అన్నాడు. ఆ గల్లీలో ఇప్పటిదాకా జూసు సెంటర్ లేదు.

సత్తార్ భాయ్ తాడు చివరి డబ్బా అందుకున్నాడు. పక్క డబ్బా మూత తీసి పైకి చూశాడు.

“ఎంత పొయ్యాలె అమ్మా?”

“నాలుగు పిడికిళ్లు” అంది అండాళమ్మ. “నావి గాదు, నీవి.”